పంట పెరిగింది, పట్టు దొరకలేదు

వ్యవసాయంలో టెక్నాలజీ అనగానే ఈమధ్య అందరి నోటా డ్రోన్ మాటే. అరెకరం వంగతోటకి డ్రోన్ ఎందుకో నాకైతే అర్థం కాదు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, వంశధార ఒడ్డున ఉన్న కాశీనగర్ నుంచి పర్లాకిమిడి దాకా తెలుగు మాట్లాడే చిన్న రైతుల మడుల్లోకి నిజంగా వచ్చినవి వేరే ఉన్నాయి. ట్రేల్లో పెంచిన హైబ్రిడ్ నారు, కలుపు రాకుండా మొక్కల చుట్టూ పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు, బ్యాటరీ స్ప్రేయరు, కొందరికి మొక్క మొదట్లో బొట్టుబొట్టుగా నీళ్లిచ్చే డ్రిప్పు. వీటితో పంట పెరిగిన మాట నిజం. చేతిలో మిగిలేది ఆ లెక్కన పెరగలేదు.

నారునే తీసుకోండి. పూర్వం ఎవరి నారుమడి వాళ్లే పోసుకునేవారు. కొంత మొలిచేది, కొంత కుళ్లేది, ఒక్కో ఇంటిది ఒక్కో వారం నాటుకి వచ్చేది. ఇప్పుడు కొబ్బరి పొట్టు నింపిన 98 గుంతల ట్రేల్లో నర్సరీవాళ్లే పెంచి ఇస్తున్నారు. వేరు తెగదు, నాటిన మొక్క బతుకుతుంది. మంచిదే. కానీ ఒకే నర్సరీ, ఒకే రకం, ఒకే వారం నాట్లయితే కోతా ఒకేసారి వస్తుంది. ఊళ్లో టమాట క్రేట్లన్నీ ఒకే పొద్దున రోడ్డెక్కుతాయి. సరిహద్దు దాటి పాతపట్నం తీసుకెళ్దామంటే అటువైపు తోటల్లోనూ అవే రకాలు. షావుకారికి ఇంకేం కావాలి?

రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబరులో విడుదల చేసిన పరిశోధనా పత్రం ప్రకారం, టమాటకి వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకి చేరేది 33 పైసలు. దిగుబడి పెరిగినంత మాత్రాన ఆ వాటా పెరగదు. రైతు 'ఇవాళ ఇవ్వను, ఎల్లుండి చూద్దాం' అనగలిగితేనే పెరుగుతుంది. అలా అనాలంటే దన్నుండాలి.

డ్రిప్పు తీరు ఇంకోలా ఉంటుంది. కేంద్ర పథకంలో సన్న, చిన్నకారు రైతులకి 55 శాతం సబ్సిడీ ఉంది, కానీ భూమి కాగితం చూపించాలి. 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం కౌలుని దాదాపుగా నిషేధించింది. నిషేధిస్తే కౌలు ఆగిపోయిందా? నోటిమాట మీద నడుస్తూనే ఉంది. కాగితం లేని కౌలుదారుకి ఆ సబ్సిడీ అందదు, బ్యాంకు అప్పు పుట్టడమూ కష్టమే. ఆంధ్రలో 2019 చట్టం కింద 11 నెలలకి సాగు హక్కు కార్డు ఇస్తారు. దానికి భూయజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టరు. అయినా అడగడానికి ఒక కాగితమంటూ ఉంది.

డ్రిప్పు దొరికినవాడికి మరో ఖర్చు తగులుతుంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే వస్తుంది. డ్రిప్పులో వదిలే, నీళ్లలో పూర్తిగా కరిగే 19-19-19 లాంటి ఎరువుకి యూరియాకి ఉన్నంత రాయితీ లేదు, కిలోల లెక్కన కొనుక్కోవాలి. అదీ తరచుగా అరువు మీదే. అరువిచ్చినవాడే పంట కొనేవాడైతే ఇక బేరమాడేదెక్కడ?

మల్చింగ్ షీటు కలుపు ఖర్చు తగ్గించింది కదా అంటారు. ఆ కలుపు కూలి పక్క వీధి ఆడవాళ్లది. వాళ్లలో సొంతానికి పది సెంట్లు బెండ వేసుకునేవాళ్లూ ఉంటారు. తోటలో మిగిలింది కూలిలో పోయింది. దీన్ని ఏ లెక్కలో చూపిస్తారు?

నన్నడిగితే ముందు డబ్బు పెట్టాల్సింది కోత తర్వాత పనికొచ్చే వాటి మీద. ఆలుగడ్డల కోల్డ్ స్టోరేజీ 2 నుంచి 4 డిగ్రీల్లో నడుస్తుంది, ఆ చలికి టమాట పాడైపోతుంది. దీనికి ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980ల్లోనే ఓ దారి చూపించింది. ఇటుకలతో రెండు గోడలు, మధ్య మూడంగుళాల సందులో ఇసుక, ఆ ఇసుకకి పొద్దున్నా సాయంత్రం నీళ్లు, పైన తడిపిన గోనెపట్టా. కరెంటు అక్కర్లేదు. వానాకాలపు ఉక్కలో పెద్దగా చల్లబడదు గానీ ఫిబ్రవరి, మార్చి నెలల పొడిగాలికి కాయ ఇంకో రెండుమూడు రోజులు నిలుస్తుంది. సుమారు 100 కిలోలు పడతాయి, అంటే 25 కిలోల క్రేట్లు నాలుగు. నాలుగు క్రేట్లతో ధర మారదు. ముప్పై ఇళ్లు కట్టుకుంటే 120 క్రేట్లు ఆ పొద్దుటి సంతకి రాకుండా ఆగుతాయి. దీనికి సబ్సిడీ ఇవ్వాలంటే పట్టా అడగాల్సిన పని కూడా లేదు, కట్టేది పెరట్లోనే కాబట్టి.