కాపీ కొట్టించేది ప్రశ్నపత్రమే

డిగ్రీ సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే గుంటూరు, విజయవాడల్లో కాలేజీల పక్కనున్న జిరాక్స్ షాపులకు పండగే. అరచేతిలో ఇమిడేలా అక్షరాలు కుదించిన మైక్రో జిరాక్స్ కోసం బేరాలు కూడా ఉండవు. తర్వాత ఫ్లయింగ్ స్క్వాడ్, నలుగురైదుగురు డిబార్, విలువలు పడిపోయాయని పెద్దల వాపోత. ఏటా ఉండే తంతే.

విలువల సంగతి తర్వాత. ముందు ఆ స్లిప్పు విప్పి చూడండి. యూనిట్‌కు రెండో మూడో ఎస్సేలు, అన్నీ 'నిర్వచించి లక్షణాలు వివరించుము' బాపతే. నాలుగేళ్ల పాత పేపర్లు ముందేసుకుంటే రాబోయే పేపర్ దాదాపు తెలిసిపోతుంది. అడిగేది ఉన్నదున్నట్టు దింపమనే అయితే, బట్టీ పట్టినవాడికీ స్లిప్పు పెట్టినవాడికీ తేడా జ్ఞాపకశక్తిలోనే, చదువులో కాదు. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకు కట్టలు దిద్దే లెక్చరర్‌కూ కనిపించేది హెడ్డింగులు, వాటి కింద స్కెచ్ పెన్ను గీతలు, నిండిన పేజీలు.

కష్టపడి చదివినవాడికి అన్యాయం కాదా అంటారు. అన్యాయమే, దొరికినవాడికి శిక్ష పడాల్సిందే. కానీ భయంతోనే ఆగేదైతే 1997లో రాష్ట్రం తెచ్చిన మాల్‌ప్రాక్టీస్ నిరోధక చట్టంతోనే ఆగాలి. 2024లో కేంద్రం తెచ్చిన చట్టమైతే గురిపెట్టింది పేపర్లు లీక్ చేసే ముఠాల మీద, పరీక్ష రాసేవాడి మీద కాదు.

అసలు ఈ రోగం డిగ్రీలో పుట్టలేదు. బెజవాడ ఇంటర్ హాస్టళ్లలో పుట్టింది. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్, వారం తిరిగేసరికి టెస్టు. రెండేళ్లపాటు మెటీరియల్ తప్ప మరో పుస్తకం ముట్టని పిల్లాడికి చదువంటే మార్కులనే నేర్పాం, వాడి ర్యాంకును ఫ్లెక్సీలకెక్కించాం. డిగ్రీకొచ్చేసరికి నెత్తిన కూర్చుని బట్టీ పట్టించే వార్డెన్ లేడు. ఆ ఖాళీలోకి స్లిప్పు వచ్చింది. ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముంది?

ఎకనామిక్స్ పేపర్‌లో గుంటూరు మిర్చి యార్డు ధరలు ఓ పది వారాలవి ఇచ్చి, ఫలానా వారం ధర ఎందుకు పడిపోయి ఉంటుందో రాయమనండి. పుస్తకాలు దగ్గర పెట్టుకోనివ్వండి. ఆ జవాబు ఏ జిరాక్స్ షాపులోనూ దొరకదు. అయితే అలాంటి ప్రశ్న తయారుచేయాలన్నా, దిద్దాలన్నా తీరికా, నిలకడైన ఉద్యోగమూ ఉన్న లెక్చరర్లు కావాలి. పోస్టులు ఖాళీగా ఉంచి గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తుంటే పేపర్ సెట్ చేసేవాళ్లు పాత పేపర్‌లోంచే ఎత్తి రాస్తారు. అదీ కాపీయే. మరి అక్కడికి స్క్వాడ్ ఎప్పుడు వెళ్తుంది?