త్రికాలజ్ఞుడైన అంపైరుకు ఒక నమస్కారం

బేస్‌బాల్‌కు చెల్లెలైన సాఫ్ట్‌బాల్‌లో అంపైర్లను తిట్టడం మరీ సులువైన పని అయిపోయింది. కళ్లద్దాలు మార్చుకోమనేవారు కొందరు, అసలు నిబంధనలు చదివాడా అని అడిగేవారు కొందరు. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. అంపైరు త్రికాలజ్ఞుడు. కాకపోతే మూడు కాలాలనూ ఒకే తీరున చూడడు, చిక్కంతా అక్కడే. జరిగిపోయినదాన్ని చూసి నోరు మూసుకుంటాడు. జరుగుతున్నదాన్ని చూసి చెయ్యి చాపి ఊరుకుంటాడు. ఇంకా జరగనిదాన్ని మాత్రం మైదానమంతా వినపడేలా ప్రకటిస్తాడు.

ముందుగా భూతకాలం. రన్నర్ మైదానంలోని బేసులను వరుసగా తొక్కుతూ చివరికి హోమ్ ప్లేటు చేరాలి, అప్పుడే పరుగు. ఒక రన్నర్ రెండో బేసు నుంచి దౌడు తీసింది. మూడో బేసు దగ్గర మలుపు తిరిగే ఊపులో బూటు నాలుగు వేళ్లు ఎడంగా పడింది. తెల్లని బేసు తెల్లగానే ఉంది, పక్కన దుమ్ములో మాత్రం బూటు అడుగు ముద్ర అచ్చు గుద్దినట్లు పడింది. అంపైరు అక్కడే ఉన్నాడు. నడుము వంచి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఆ ముద్రనే చూస్తున్నాడు. ఆమె హోమ్ ప్లేటు తొక్కింది, జట్టంతా మీదపడి కౌగిలించుకుంది, స్కోరుబోర్డు మీద అంకె మారింది. అంపైరు ముఖంలో మాత్రం ఒక్క గీత కదలలేదు. ప్రత్యర్థి జట్టు నుంచి ఎవరైనా వచ్చి, ఫలానా రన్నర్ ఫలానా బేసు తొక్కలేదని చెబితే ఔటిస్తాడు. ఎవరూ అడగలేదా, బంతులు వేసే పిచర్ తర్వాతి బంతి వేసేసిందా, ఇక ఆ పాపం గంగలో కలిసినట్లే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అమ్మకు కనీసం జాలి ఉంటుంది.

క్రికెట్ చూసి పెరిగినవారికి అప్పీలు కొత్తేమీ కాదు. కానీ అక్కడ పదకొండు మంది గొంతు చించుకుని అరిస్తే సరిపోతుంది, దేని గురించి అరుస్తున్నారో చెప్పనక్కర్లేదు. ఇక్కడ అర్జీలో రన్నర్ ఎవరో, బేసు ఏదో వివరంగా చెప్పుకోవాలి. సరైన నేరానికి తప్పు బేసు పేరు చెప్పినవారు వచ్చిన దారినే వెళ్లాల్సి ఉంటుంది. నేరం చూసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, అయినా చెప్పడు.

ఇంత మౌనమూర్తి, పిచర్ చేతిలోంచి బంతి విడవకముందే రన్నర్ కాలు బేసు మీద నుంచి లేస్తే మాత్రం సహించడు. బంతిని వేగంగా వేసే ఫాస్ట్‌పిచ్ రకం ఆటలో అది అక్కడికక్కడే ఔటు. ఎవరూ అడగక్కర్లేదు, వేసిన బంతి కూడా లెక్కలోకి రాదు. బేసును పూర్తిగా వదిలేసి వెళ్లినవారికి క్షమాభిక్ష దొరికే అవకాశం ఉంది, దాన్ని రెప్పపాటు ముందు వదిలినవారికి లేదు. ఇందులో ఏదో గొప్ప నీతి ఉండి తీరాలి. నాకు ఇంకా అందలేదు.

భవిష్యత్తు విషయానికి వస్తే ఆయన మరో మనిషి. మొదటి బేసు మీదా రెండో బేసు మీదా రన్నర్లున్నారు, ఔట్లు రెండు కాలేదు. బ్యాటర్ కొట్టిన బంతి నేరుగా ఆకాశంలోకి లేచింది. అది ఇంకా పైనుండగానే అంపైరు వేలు పైకెత్తి ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంటాడు, బ్యాటర్ ఔటైపోతుంది. బేసుల దగ్గర కాచే ఇన్‌ఫీల్డర్ ఎవరైనా మామూలు శ్రమతో పట్టగల బంతి కాబట్టి పట్టినట్లే లెక్క. ఆ తర్వాత ఫీల్డరు చేతిలో పడ్డ బంతి జారి నేల మీద దొర్లుతుంది. అది ఆమె సొంత విషయం. బంతి దొర్లడం చూసిన రన్నర్లిద్దరూ ప్రాణాలరచేత పట్టుకుని పరుగెత్తుతారు, మధ్యలో దొరికిపోతారు. ఎవరూ పరుగెత్తమనలేదే అని నిబంధన చల్లగా అంటుంది. నిజానికి ఇది రన్నర్లను కాపాడటానికి పుట్టిన నిబంధన. పట్టేస్తుందనుకుని రన్నర్లు బేసుల మీదే ఉండగా, ఫీల్డరు కావాలని బంతి జారవిడిచి ఇద్దరిని ఔట్ చేసే మోసాన్ని ఆపడానికి పెట్టారు. ఇప్పుడు రన్నర్లు ఎవరి సాయమూ లేకుండా తామే ఔటవుతున్నారు.

ఇక వర్తమానం. చేతిలో బంతి లేని ఫీల్డరు దారికి అడ్డంగా నిలబడింది, రన్నర్ ఆమెను గుద్దుకుని తూలింది. అంపైరు ఎడమ చెయ్యి పక్కకు చాపుతాడు, అంతే. ఆట సాగుతూనే ఉంటుంది. ఆ చెయ్యి చూసి కొందరు సేఫ్ అనుకుంటారు, కొందరు ఔట్ అనుకుంటారు, ఒంట్లో బాగాలేదేమో అని వెనుక వరుసలో ఒకాయన అనుకుంటాడు. అసలు అర్థం తీర్పు వాయిదా అని. తూలిన రన్నర్‌ను ఆ రెండు బేసుల మధ్యే ట్యాగ్ చేస్తే, అంటే బంతితో తాకితే, అప్పుడు ఆట ఆపి, ఔటు లేదని ప్రకటిస్తాడు. అదే ఫీల్డరు, బ్యాటర్ కొట్టిన బంతిని అందుకోబోతుండగా ఆ రన్నరే అదే చోట ఆమెను ఢీకొంటే, రన్నర్ ఔటు, అదీ తక్షణం. మొదటి కేసుకు వాయిదా, రెండో కేసుకు ఉరి.

నా మీదా ఒక కేసు ఉంది కనుక చెబుతాను. ఎనిమిది అడుగుల వ్యాసార్ధంతో గీసిన వలయంలో పిచర్ చేతికి బంతి చేరాక, బేసు వదిలి ఉన్న రన్నర్ ఆగి నిలబడిపోకూడదు. ముందుకైనా పోవాలి, వెనక్కైనా రావాలి, అదీ వెంటనే. నేను మొదటి బేసు దాటి నాలుగడుగులు వేసి ఆగాను. పిచర్ వలయంలో బంతి పట్టుకుని నన్నే చూస్తోంది. ఒకసారి ఆగడం వరకూ నా హక్కే. ఆగాక ఆలోచించడం మొదలుపెట్టాను, అది నా హక్కు కాదట. ఎవరూ తాకలేదు, ఎవరూ బంతి విసరలేదు, ఔటు. "వెంటనే అంటే ఎంతసేపండీ?" అని అంపైరును వినయంగా అడిగాను. "మీరు నిలబడినంతసేపు కాదు," అన్నాడాయన. 1887లో షికాగోలో ఒక హాలులో బాక్సింగ్ గ్లవ్‌ను బంతిగా చుట్టి, చీపురు కర్రతో కొట్టి, నవ్వుతూ మొదలుపెట్టిన ఆటట ఇది. నవ్వినవారిలో నాలుగడుగులకే ఆగిపోయిన రన్నర్ ఎవరూ ఉండి ఉండరు.

ట్యాగ్ తప్పించుకోబోయే రన్నర్‌కు దారి నుంచి పక్కకు మూడడుగులే అనుమతి. ఆ మూడడుగులను అంపైరు కంటితోనే కొలుస్తాడు. వామనుడు కూడా అడిగింది మూడడుగులే, వాటిలో ఎంత పట్టిందో మనకు తెలుసు.

మొన్న చూసిన ఒక ఆటలో మూడో బేసు రన్నర్ హోమ్ ప్లేటుకూ బేసుకూ మధ్య చిక్కుకుని, ఎలాగో వెనక్కి వచ్చిపడింది. అప్పటికే రెండో బేసు రన్నర్ అక్కడ నిలబడి ఉంది. ఒకే ఒరలో రెండు కత్తులు. ఫీల్డరు ఇద్దరినీ తట్టింది. అంపైరు రెండో బేసు నుంచి వచ్చిన రన్నర్ వైపు వేలు చూపాడు, బేసు మీద హక్కు ముందు నుంచీ అక్కడున్నదానిదే. ఆ హక్కున్న అమ్మాయి మాత్రం తానే ఔటనుకుని, హెల్మెట్ తీసి, తల దించుకుని డగౌట్ వైపు నడిచింది. ఫీల్డరు నింపాదిగా వెంట వెళ్లి భుజం మీద మళ్లీ తట్టింది.

ఒకే బేసు, రెండు ఔట్లు. కోచ్ చేతులు నెత్తిన పెట్టుకున్నాడు. అంపైరు జేబులోంచి చిన్న బ్రష్షు తీసి, ఎవరూ తొక్కని హోమ్ ప్లేటును శ్రద్ధగా తుడవసాగాడు.