చేతి వేగంతో నడిచిన టెలివిజన్

వడ్రంగి ఒకాయన గొడ్డలి పట్టుకుని మొద్దును చీలుస్తుంటాడు. కెమెరా ఆయన మీద నుంచి పక్కకు పోదు. ఆయాసపడుతూనే కబుర్లు చెబుతుంటాడు, మధ్యలో వేలు తెగుతుంది, తుడుచుకుని పని సాగిస్తాడు, అరగంట పూర్తయ్యేసరికి ఆ మొద్దులోంచి ఒక కుర్చీ కాలో పనిముట్టు పిడో బయటికి వస్తుంది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు ప్రజా టెలివిజన్ కేంద్రం 1979లో మొదలుపెట్టిన ‘ద వుడ్‌రైట్స్ షాప్’ కార్యక్రమం 2017 దాకా, అంటే దాదాపు నాలుగు దశాబ్దాలు, ఇంచుమించు ఈ ఒక్క దృశ్యం మీదే నడిచింది. దాన్ని నిర్వహించిన రాయ్ అండర్‌హిల్‌కు కరెంటు పనిముట్లతో పని లేదు. బాడిశ, ఉలి, చిత్రిక, కాలితో తొక్కే తరిమెన, ఇవే ఆయన సరంజామా. చాలా భాగం ఆపకుండా ఒకే ఊపులో చిత్రీకరించేవారు కాబట్టి పొరపాటు జరిగితే అది కూడా ప్రసారమయ్యేది.

ఆ తరహా కార్యక్రమాలకు గొడుగుపట్టిన వ్యవస్థ 2025లో కూలింది. ప్రజా ప్రసారాలకు రాబోయే రెండేళ్ల కోసం అప్పటికే కేటాయించిన దాదాపు 110 కోట్ల డాలర్లను అమెరికా కాంగ్రెస్ ఆ ఏడాది జూలైలో వెనక్కి తీసుకుంది. 1967 చట్టంతో పుట్టి, ప్రభుత్వ నిధులను ప్రజా ప్రసార కేంద్రాలకు పంచే కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ ఆగస్టు 1న తన కార్యకలాపాలను ముగిస్తున్నట్టు ప్రకటించింది. ఈ కోతకు ముందూ వెనుకా జరిగిన వాదోపవాదాలు ఎక్కువగా వార్తల్లో రాజకీయ పక్షపాతం ఉందా లేదా అన్నదాని చుట్టూ తిరిగాయి. జానపద సంగీతం, చేతివృత్తులు, వంట, ఇంటి మరమ్మతు వంటి కార్యక్రమాల ప్రస్తావన వచ్చినా అది ముచ్చటగా, పాత జ్ఞాపకంగా మాత్రమే వచ్చింది. నా దృష్టిలో ఆ వ్యవస్థ చేసిన అసలు పని ఇదే. పని తెలిసిన మనిషి తన ఊళ్లోనే ఉండి, తన చేతి వేగంతోనే, దేశమంతటికీ చెప్పగలిగిన దారి అది. వార్తలకు వేరే దారులున్నాయి, దీనికి లేవు.

ఈ నెమ్మది ఎవరో కళాత్మకంగా ఆలోచించి తెచ్చిపెట్టినది కాదు, చాలావరకు పేదరికం నుంచి పుట్టింది. వంటల రచయిత్రి జూలియా చైల్డ్ చేసిన ‘ద ఫ్రెంచ్ షెఫ్’ కార్యక్రమమే అందుకు సాక్ష్యం. బోస్టన్ ప్రజా టెలివిజన్ కేంద్రం డబ్ల్యూజీబీహెచ్ స్టూడియో 1961లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1963లో ఆ వంటల కార్యక్రమం మొదలుపెట్టేనాటికి సొంత వంటగది సెట్టు కట్టుకునే స్థోమత లేక, కేంబ్రిడ్జి విద్యుత్ సంస్థవారు ప్రదర్శనల కోసం ఏర్పాటు చేసుకున్న వంటగదిలో చిత్రీకరించారు. వీడియో టేపును కత్తిరించి అతికించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి అరగంట వంటను దాదాపు ప్రత్యక్ష ప్రసారంలాగానే ఏకబిగిన తీసేవారు. ఒకసారి బంగాళాదుంప అట్టు తిరగేయబోతే సగం పొయ్యి మీద పడింది. ఆమె దాన్ని చేత్తో ఏరి పెనంలో వేసి, వంటింట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎవరు చూడొచ్చారన్నట్టు మాట్లాడి ముందుకు సాగిపోయింది. వాణిజ్య టెలివిజన్‌లో అయితే ఆ ముక్క కత్తెర పాలయ్యేది. ఇక్కడ కత్తెరకు డబ్బు లేదు, అందుకే అది నిలిచింది. వంట అంటే పొరపాటును సర్దుకునే విద్య అని చూసేవాళ్లకు తెలిసింది. ఆమె సొంత ఇంటి వంటగది మొత్తం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఆ కార్యక్రమాన్ని తీసిన రసెల్ మొరాష్ ఆ తర్వాత తోటపని మీద ‘విక్టరీ గార్డెన్’, 1979లో ‘దిస్ ఓల్డ్ హౌస్’ మొదలుపెట్టాడు. బోస్టన్ నగరంలోని డార్చెస్టర్ ప్రాంతంలో శిథిలమైన పాత ఇల్లొకటి తీసుకుని, వారం వారం దాన్ని బాగుచేయడం మొదటి విడత కథ. ఇల్లంటే అమ్ముకునే ఆస్తిగా కాక మరమ్మతు అడిగే వస్తువుగా చూపడం అప్పటికి కొత్త. గోడ విప్పితే లోపల ఏముందో, కుళ్లిన దూలాన్ని ఎలా మార్చాలో, ప్లంబరు ఏ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడో కెమెరా వెళ్లి చూసింది. నార్మ్ అబ్రమ్ అనే వడ్రంగి దానివల్లే ఇంటింటి మనిషయ్యాడు. పనివాడు పనివాడిగానే, పేరుతో సహా, గౌరవంగా తెర మీద నిలబడటం చిన్న విషయమేమీ కాదు; మన తెర మీద మేస్త్రీ హాస్యపాత్ర కాకుండా కనిపించిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అయితే ఆ కార్యక్రమం అక్కడే ఆగలేదన్నది కూడా చెప్పాలి. ఏళ్లు గడిచేకొద్దీ అందులో ఇళ్లు పెద్దవయ్యాయి, యజమానులు సంపన్నులయ్యారు, మరమ్మతు స్థానంలో హంగులు వచ్చాయి. మొదటి వ్యాఖ్యాత బాబ్ విలా 1989లో తప్పుకోవలసి వచ్చింది. ఆయన ఒక దుకాణానికి ప్రకటనల్లో కనిపించడం కార్యక్రమానికి డబ్బిచ్చే సంస్థకు రుచించలేదు. ప్రకటనలు లేని టెలివిజన్ అని పేరే గానీ, ఆదిలోనూ అంతంలోనూ ‘ఈ కార్యక్రమానికి సహకరించినవారు’ అంటూ వచ్చే ఆ రెండు వాక్యాల వెనుక ఎంత బరువుందో ఆ ఉదంతం చెబుతుంది. తర్వాత ఆ పేరు చేతులు మారి మారి 2021లో రోకు అనే స్ట్రీమింగ్ కంపెనీ సొత్తయింది.

సంగీతానిదీ ఇదే దారి, కాకపోతే మలుపులు ఎక్కువ. టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో ‘ఆస్టిన్ సిటీ లిమిట్స్’ కోసం 1974 అక్టోబరులో కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ కచేరీని నమూనాగా చిత్రీకరించారు. మరుసటి ఏడాది ప్రజా టెలివిజన్ కేంద్రాలు ప్రేక్షకులను విరాళాలు అడిగే వారాల్లో దాన్ని ప్రసారం చేస్తే జనం బాగా స్పందించారు. అలా 1976లో ధారావాహిక మొదలైంది. అంటే ఆ కార్యక్రమం పుట్టుకలోనే చందాబుట్ట ఉంది. తొలినాళ్లలో టెక్సస్ నేల మీది సంగీతమే దానికి ప్రాణం: కంట్రీ, బ్లూస్, సరిహద్దు మెక్సికన్ల అకార్డియన్ పాటలు. కొన్ని వందల మంది పట్టే స్టూడియోలో, గాయకుడి వేళ్లు తీగ మీద కదలడం కనిపించేంత దగ్గర్లో కెమెరా ఉండేది. వేదిక వెనక మెరిసే ఆస్టిన్ నగరం మాత్రం ఉత్త సెట్టు. ఆరుబయట జరిగే కచేరీ అని ఎందరో నమ్మారు. 2011లో అది పెద్ద థియేటరుకు మారింది, అంతకుముందే రాక్, పాప్ తారలతో నిండిపోయింది. అమెరికా టెలివిజన్‌లో అన్నిటికంటే ఎక్కువ కాలం నడిచిన సంగీత కార్యక్రమంగా దానికి కీర్తి ఉంది, కానీ టెక్సస్ మూలాలు అందులో ఇప్పుడు వెతుక్కోవలసిన వస్తువు. ఓపిక చూపిన వ్యవస్థకు కూడా ప్రజాదరణ అనే లెక్క తప్పలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన మనిషి అలన్ లోమాక్స్. తండ్రితో కలిసి 1930ల నుంచే జైళ్లు, పొలాలు, చర్చిలు తిరిగి పాటలు రికార్డు చేసిన ఆ జానపద సంగ్రాహకుడు, 1978 నుంచి 1985 దాకా వీడియో కెమెరాలతో అమెరికా దక్షిణ, నైరుతి ప్రాంతాలు తిరిగి దాదాపు 400 గంటల దృశ్యాలు తీశాడు. వాటి నుంచి మలచిన ‘అమెరికన్ ప్యాచ్‌వర్క్’ 1991లో ప్రజా టెలివిజన్‌లో వచ్చింది. మిసిసిపీ బ్లూస్, లూసియానా కేజన్ పాటలు, అపలాచియా కొండల ఫిడేలు, బాంజో అందులో ఉన్నాయి. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి జ్ఞాపకంలోంచి పుట్టిన వాద్యమనీ, కొండల్లోని తెల్లవారి సంగీతం అనుకునేదాంట్లో నల్లవారి చేయి ఉందనీ అమెరికా సామాన్య ప్రేక్షకుడు తెలుసుకున్న దారుల్లో ప్రజా టెలివిజన్ ఒకటి. లోమాక్స్ వాదన పాటల సేకరణ దగ్గర ఆగేది కాదు. కేంద్రంలో కూర్చున్న కొద్దిమంది మాట్లాడుతూ మిగతావారు వింటూ ఉండే ప్రసార వ్యవస్థ చిన్న సంస్కృతులను చంపేస్తుందనీ, వాటికి ప్రసార సమయంలో న్యాయమైన వాటా ఇవ్వాలనీ 1972లోనే రాశాడు. సంకేతం ఏ దిశలో ప్రయాణిస్తోంది అన్నదే ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నకూ తెలుగు నేలకూ ఒక విచిత్రమైన చుట్టరికం ఉంది. నాసా 1974 మేలో ప్రయోగించిన ఏటీఎస్-6 ఉపగ్రహం మొదటి ఏడాది అపలాచియా కొండప్రాంతాలకూ అలాస్కాకూ విద్య, ఆరోగ్య పాఠాలు ప్రసారం చేసింది. ఆ తర్వాత దాన్ని హిందూ మహాసముద్రం వైపు జరిపి, 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా మన దేశానికి ఇచ్చారు. ‘సైట్’ ప్రయోగం పేరిట ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ చేరింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి, తెలుగు ప్రసార భాషల్లో ఒకటి. బాంజో మోగే కొండలకూ, ఒగ్గుకథ, బుర్రకథ పుట్టి పెరిగిన పల్లెలకూ ఏడాది తేడాతో ఒకే ఉపగ్రహం బొమ్మలు పంపింది. రెండు చోట్లా అది బోధించింది, రెండు చోట్లా పల్లె ప్రధానంగా వింది. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మాత్రం ఊరివాళ్లతోనే కార్యక్రమాలు చేయించే ప్రయత్నం అదే కాలంలో జరిగింది.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. జానపద కళారూపాలకూ, చేనేతకూ, వ్యవసాయానికీ ఆ తెర మీద చోటు దొరకని రోజులు కావు అవి. తేడా నిర్మాణంలో ఉంది. అమెరికాలో స్థానిక కేంద్రం సొంత యాజమాన్యం, సొంత దాతలు ఉన్న సంస్థ. అది తీసిన కార్యక్రమాన్ని మిగతా కేంద్రాలు తీసుకుంటాయి. బోస్టన్ వంట, ఆస్టిన్ పాట, నార్త్ కరోలినా వడ్రంగం దేశానికి పోయింది ఆ పద్ధతిలోనే. ఇక్కడ ప్రాంతీయ కేంద్రం ఢిల్లీకి ఒక శాఖ. ఒగ్గు కళాకారుడి కథ హైదరాబాద్ కేంద్రంలో రికార్డయినా, దాన్ని లక్నో ప్రేక్షకుడికి వినిపించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య ఇంటింటికీ తెలిసింది 2021లో ఒక సినిమా పాటతో. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. సినిమా తలుపు తీసేదాకా మన దగ్గర వేరే తలుపు లేదన్నమాట.

ఇంటర్నెట్ వచ్చాక ఇంకా టెలివిజన్ గోల ఎందుకని అడిగేవారున్నారు. అడగదగ్గ ప్రశ్నే. గుడివాడ ప్రాంతపు మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో పొలం గట్టున పొయ్యి వెలిగించి పుచ్చకాయలో కోడికూర వండితే, ఏ ప్రసార సంస్థ అనుమతీ లేకుండానే లక్షలమంది చూశారు. లోమాక్స్ కోరిన దిశ మార్పు ఆ క్షణంలో నిజంగానే జరిగింది. కానీ ఆ పద్ధతిలో కష్టమంతా చేసేవాడి మీదే పడుతుంది. పరికరాలు, మనుషులు, ఏడాది పొడవునా జీతాలు ఎవరో ఒకరు ముందే పెట్టుకోవాలి; జనం మెచ్చిన బొమ్మ నిలిచి, ఆదరణ లేనిది అడుగున పడిపోతుంది. కొయ్య ఆరడానికి పట్టే కాలాన్ని యూట్యూబ్ లెక్క భరించదు. ప్రజా టెలివిజన్ కేంద్రం అండర్‌హిల్‌కు దాదాపు నాలుగు దశాబ్దాలు ఇచ్చింది. ఆయన వీడియోలు ఈ వారం ఎంతమంది చూశారని ఏ వారమూ అడగలేదు. భద్రపరచడం సంగతి మరొకటి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, బోస్టన్ కేంద్రం కలిసి నడిపే ప్రజా ప్రసారాల భాండాగారం లాంటిది సొంత ఫోన్లో తీసుకున్న వీడియోకు ఉండదు.

కోత దెబ్బ ఎక్కడ తగులుతుందన్నది డబ్బు నడిచే దారి చూస్తే అర్థమవుతుంది. ప్రభుత్వం ఏటా ఇస్తూ వచ్చిన దాదాపు 53.5 కోట్ల డాలర్లు అమెరికన్ ఒక్కొక్కరికి ఒకటిన్నర డాలరు పైచిలుకు మాత్రమే. అందులో 70 శాతానికి పైగా స్థానిక రేడియో, టెలివిజన్ కేంద్రాలకే వెళ్లేది. బోస్టన్, న్యూయార్క్ వంటి కేంద్రాలకు సంపన్న దాతలున్నారు, అవి నిలబడతాయి. చిన్న ఊళ్ల కేంద్రాల ఆదాయంలోనే ప్రభుత్వ వాటా పెద్దది, కొండలూ పల్లెలూ వాటి చుట్టూనే ఉన్నాయి. అలాంటి కేంద్రం ముందు ఇప్పుడు రెండు ఖర్చులున్నాయి: జాతీయ కార్యక్రమాల కోసం ప్రజా టెలివిజన్ కేంద్రాల ఉమ్మడి సంస్థ పీబీఎస్‌కు కట్టే సభ్యత్వ రుసుము, సొంత కార్యక్రమాల నిర్మాణం. విరాళాలు ఎక్కువగా తెచ్చేవి జాతీయ కార్యక్రమాలు కాబట్టి చాలాచోట్ల రెండోదే ముందు ఆగుతుందని నా అంచనా.

ఆర్కన్సా రాష్ట్ర కేంద్రం మాత్రం ఎదురుదారి పట్టింది. ఏటా దాదాపు 25 లక్షల డాలర్ల రుసుము భరించలేమంటూ పీబీఎస్ నుంచి తప్పుకుని, సొంత కార్యక్రమాల మీద దృష్టి పెడతామని 2025 డిసెంబరులో ప్రకటించింది. ఓజార్క్ కొండల ఫిడేలు, బుట్టల అల్లిక, కుండల తయారీ కోసం 1973 నుంచి ప్రత్యేకంగా ఒక జానపద కేంద్రమే నడుస్తున్న రాష్ట్రం అది. స్థానిక కెమెరాకు అక్కడ పనికి కొదవ ఉండదు. అయితే ఆ ఫిడేలు పాట ఇకమీదట ఆర్కన్సా ఇళ్లలో మోగినంత సులువుగా బోస్టన్ ఇంట్లో మోగదు, బోస్టన్ వడ్రంగి ఆర్కన్సా ఇంటికి రాడు.