అదనపు బాధ్యత గారికి ఒక బయాలజీ మాస్టారి లేఖ

మహారాజశ్రీ అదనపు బాధ్యత గారికి,

జిల్లా పరిషత్ హైస్కూలు బయాలజీ మాస్టారు నమస్కరించి రాయునది. మీ క్షేమం అడగక్కర్లేదు. ఖాళీ పోస్టు ఉన్నచోటల్లా మీరు నిండుగానే ఉంటారు.

మన పరిచయం కోడిగుడ్లతో మొదలైంది. మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్క, ఆ తర్వాత మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించడం, ఆ పైన ఓటర్ల జాబితా. దేనికీ కాదనలేదు. ఒకరోజు హెచ్‌ఎం గారు కాగితం చేతిలో పెట్టి, "మాస్టారూ, మెదడు పాఠం చెప్పేది మీరే కదా, పిల్లల కౌన్సెలింగ్ కూడా మీరే చూడండి" అన్నారు. గుండె పాఠం చెప్పేదీ నేనే. బైపాస్ ఆపరేషన్ ఎప్పుడు అప్పగిస్తారోనని అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

మీకు కొత్త పోస్టు అక్కర్లేదు, జీతం అక్కర్లేదు, ఆర్థిక శాఖ సంతకం అసలే అక్కర్లేదు. రెండు రోజుల ట్రైనింగు, ఒక ఫైలు, భోజనానికి టోకెను. పైసా ఖర్చు లేకుండా కౌన్సెలర్‌ను పుట్టించే విద్య మీ ఒక్కరికే తెలుసు.

మీ పలుకుబడి ఢిల్లీ దాకా ఉంది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను, ఒక మగ, ఒక ఆడ, హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా పెట్టమన్నారు. చెప్పాల్సిన అంశాలు 11. పోషకాహారం, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ జాగ్రత్తల మధ్య మానసిక ఆరోగ్యానికీ ఒక సీటు దొరికింది. అంబాసిడరంటే రాయబారే కదా. రాయబారం శ్రీకృష్ణుడంతటివాడికే కుదర్లేదు. ఆయనకి ఏడో పీరియడ్ కూడా లేదు.

మధ్యలో మీకు కాలం చెల్లిందనుకున్నాను సుమా! విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలంది. మా బడిలో నాలుగొందల పైచిలుకు. 'అర్హత' అన్న మాట చూసి సంబరపడి, జీతం ఏ పద్దు కింద వస్తుందని హెచ్‌ఎం గారిని అడిగాను. ఆయన మాట్లాడకుండా గోడ మీది పోస్టరు చూపించారు. టెలీ మానస్, మానసిక సమస్యలకు సర్కారు వారి ఫోన్ హెల్ప్‌లైన్, 14416.

నంబరు మంచిదే. 2022 నుంచి ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు అడగదు. కాకపోతే బడిలో పిల్లల దగ్గర ఫోను కనిపిస్తే లాక్కునే డ్యూటీ కూడా మీరు నాకే ఇచ్చారు.

మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ల్యాబ్‌లోకి వచ్చింది. మా కౌన్సెలింగ్ గది అదే, అస్థిపంజరం పక్కన రెండు స్టూళ్లు. చాలాసేపు చున్నీ అంచు చుట్టుకుంటూ కూర్చుంది. "సార్, ఒక మాట చెప్పాలి" అంది. సరిగ్గా అప్పుడే వంటగది నుంచి కబురు, గుడ్ల ఫొటోకి టైమైపోతోందని. "ఐదు నిమిషాల్లో వచ్చేస్తానమ్మా" అని పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి స్టూలు ఖాళీ. మర్నాడు అడిగితే "ఏం లేదు సార్" అంది.

నెలాఖరు నివేదికలో 'కౌన్సెలింగ్ పొందిన విద్యార్థులు' అన్న గడిలో 1 అని వేశాను. గుడ్ల లెక్క మాత్రం సరిపోయింది.

ఇట్లు,
మీ విధేయుడు,
బయాలజీ మాస్టారు (కౌన్సెలింగ్ అదనం)