పన్నెండు ఔన్సుల వైరాగ్యం

డాలస్‌లో ఉండే మా మిత్రుడు నిరుడు ఎనిమిది నెలలపాటు వంటింటి తూకం ముందు కూర్చున్నాడు. వాళ్ళావిడ కేకుల పిండి కొలుచుకోవడానికి కొనుక్కున్న తూకం అది. దాని మీద తుపాకి స్కోపు, అంటే గురి చూడటానికి తుపాకి పైన బిగించే దుర్బిణి, దాన్ని పట్టి ఉంచే రింగులు, ఆ రింగుల మరలు విడివిడిగా ఎక్కి దిగాయి. ఒక్కొక్క మర బరువూ ఎక్సెల్ పట్టికలో నమోదైంది. ఇది చూసి నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను నవ్వలేదు. అతన్ని సమర్థించడానికే ఈ వ్యాసం.

ముందు సందర్భం చెప్పాలి. అక్టోబరులో కొలరాడో కొండల్లో ఎల్క్ వేట. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న. బాగా ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని, రెండున్నర లక్షలకు పైగా, కొలరాడోలోనే ఉన్నాయి. వాటికి ఇష్టమైన చోటు పదివేల అడుగుల ఎత్తు. డాలస్ ఎత్తు నాలుగైదు వందల అడుగులు. ఈ మధ్యనున్న తొమ్మిదిన్నర వేల అడుగులను ఎలా ఎక్కాలన్నది ప్రశ్న. కాళ్ళతో ఎక్కాలని సామాన్యులు అంటారు. మా మిత్రుడు సామాన్యుడు కాడు. బరువు తగ్గించి ఎక్కాలన్నాడు. తుపాకి బరువు.

స్వదేశంలో ఇతను ఈగను కూడా కొట్టినవాడు కాడు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ అవసరమూ లేకపోయింది. ఇక్కడ మాత్రం చట్టంలో ఒక చమత్కారం కనిపించింది. హెచ్1బీ వీసా మీద వచ్చినవాడి దగ్గర మామూలుగా తుపాకి ఉండకూడదు. కానీ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఉండవచ్చు. పదేళ్ళుగా గ్రీన్‌కార్డు కోసం కాచుకున్న మనిషికి ఈ దేశం ఆలస్యం చేయకుండా ఇచ్చిన కార్డు అదొక్కటే. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన వేటగాళ్ళు శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం చూపించాలి. అదీ సంపాదించాడు. ఇక పొద కింద నిశ్చలంగా కూర్చుని కనిపించనిదాని కోసం ఎదురుచూసే విద్య అంటారా, గ్రీన్‌కార్డు వరసలో మన వంతు చెప్పే ప్రయారిటీ డేటు కదిలే వేగం తెలిసినవాడికి అది ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు సమస్య. దెబ్బ తగిలినా చెక్కుచెదరవని పేరున్న స్కోపులు సుమారు 20 ఔన్సులు తూగుతాయి. మెడలో ముత్యాలహారంలా తేలికగా ఉండేవి 12 ఔన్సులకు అటూ ఇటూ. తేడా 8 ఔన్సులు, అంటే దాదాపు 227 గ్రాములు. మా మిత్రుడు ఇంటినుంచే ఉద్యోగం చేసిన మూడేళ్ళలో ఎనిమిది కిలోలు పెరిగాడు. ఆ పెరుగుదలను స్కోపుల మీద రాబట్టుకోవాలంటే అలాంటి స్కోపులు 35 మార్చాలి. నేను లెక్క వేసి చూపించాను. ఎక్సెల్ పట్టికలో పొట్టకు గడి లేదన్నాడు. న్యాయమే. పొట్టను తూకం మీద పెట్టడానికి వాళ్ళావిడ ఒప్పుకోదు.

ఆ 8 ఔన్సులలో ఏముంటుందో కూడా తెలుసుకోవాలి కదా. స్కోపు గొట్టం లోపల ఇంకొక చిన్న గొట్టం ఉంటుంది. పైనా పక్కనా ఉన్న మీటలు తిప్పితే మరలు దాన్ని ఒకవైపు నెడతాయి. ఎదురుగా ఉన్న స్ప్రింగు మళ్ళీ అదిమి పడుతుంది. స్కోపు కాపురమంతా ఆ స్ప్రింగు మీదే నడుస్తుంది. లోపలి గొట్టం వెంట్రుకవాసి పక్కకు జరిగి అక్కడే ఉండిపోతే, 300 గజాల దగ్గర గుండు అంగుళాలకు అంగుళాలు తప్పుతుంది. గట్టి స్ప్రింగు, మందపాటి గొట్టం, ఇత్తడి, ఉక్కు అన్నీ బరువే. తేలికగా ఉంటూ గట్టిగా నిలిచేవి లేకపోలేదు, ముఖ్యంగా బొమ్మను పెంచి తగ్గించే యంత్రాంగం లేకుండా, ఎప్పుడూ 6 రెట్లు పెద్దదిగానే చూపే స్థిర స్కోపులు. కదిలే భాగం తక్కువైతే చెడే భాగమూ తక్కువ. కానీ తిప్పడానికి ఏమీ లేని వస్తువును వెయ్యి డాలర్లు పోసి ఎవడు కొంటాడు?

పైగా గట్టిదనం అంగట్లో కనిపించే గుణం కాదు. కుండను వేలితో తట్టి చూసి కొన్న జాతి మనది. ఎద్దుకు సుళ్ళు చూశాం, గేదెకు పళ్ళు లెక్కపెట్టాం. ఆ జాతిలో పుట్టినవాడు దుకాణంలో స్కోపు కంటికి పెట్టుకుని, వీధి అవతలి బోర్డు మీద అక్షరాలు చదివి, 'ఆహా, అద్దం ఎంత తేటగా ఉంది' అని కార్డు గీకేశాడు. ఆ అక్షరాలు మామూలు కంటికి కూడా కనిపిస్తున్నాయి. స్కోపు చేయవలసిన మొదటి పని నిన్న చూపిన చోటునే ఇవాళ కూడా చూపడం. అది తెలియాలంటే దాన్ని నేలమీద పడేసి మళ్ళీ కాల్చి చూడాలి. ఏ దుకాణదారుడూ ఒప్పుకోడు. ఆ పరీక్ష ఉచితంగా చేసిపెట్టేవి విమానాశ్రయంలో సామాన్ల పట్టాలే.

'జీవితకాలపు హామీ ఉంది' అని మిత్రుడు చూపించాడు. గొప్ప మాట. స్కోపు పాడైతే తపాలాలో పంపితే బాగుచేసి పంపుతారు. ఈలోగా ఎల్క్ ఆ వాగు దగ్గరే నిలబడి ఉంటుందని హామీలో ఎక్కడా రాయలేదు. నాకైతే కోపంలోంచి పుట్టిన గట్టిదనం మీద నమ్మకం ఎక్కువ. ఒరెగాన్‌లో మార్కస్ లూపోల్డ్ అనే ఆయన స్కోపు లోపల చెమ్మ పట్టి మసకబారడం వల్ల జింకను పోగొట్టుకున్నాడని ఆ కుటుంబపు కంపెనీయే చెప్పుకుంటుంది. ఇంతకంటే మంచిది నేనే చేస్తానన్నాడట. 1947లో ఆ కంపెనీ తొలి స్కోపు వచ్చింది. గొట్టంలో గాలి తీసేసి నైట్రోజన్ నింపి మూసే పద్ధతి ఆ తరువాత అందరికీ మామూలైపోయింది. ఆ జింకకు ఎవరూ విగ్రహం కట్టించలేదు.

బరువు పొదుపు ఒక్కసారి మొదలైతే ఆగదు. స్కోపు తరువాత రింగులు టైటానియంవి వచ్చాయి. చెక్క పిడి పోయి కార్బన్ పిడి వచ్చింది. చివరికి తుపాకి ఆరు పౌన్లకు దిగింది. అందులో వేసేది మాత్రం 300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే బలమైన గుండు. తేలిక తుపాకి గట్టిగా తన్నుతుందని న్యూటన్ చెప్పి మూడు వందల ఏళ్ళు దాటింది. ఇంజనీరింగ్ చదివిన మిత్రుడు దాన్ని పరీక్ష కోసం మాత్రమే చదివాడు. మొదటిసారి కాల్చినప్పుడు స్కోపు అంచు వెనక్కి వచ్చి కనుబొమ్మను నెలవంకలా చీల్చింది. శ్రీకాళహస్తిలో వేటగాడైన తిన్నడు శివుడికి కళ్ళిచ్చాడు. మనవాడు స్కోపుకు కనుబొమ్మతో సరిపెట్టాడు. అప్పటినుంచి తుపాకి మీట నొక్కే ముందు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంటున్నాడు. కళ్ళు మూసుకుని కాల్చేవాడికి అద్దం తేటగా ఉండటం ఎంత ముఖ్యమో పాఠకులే ఊహించుకోవాలి.

డెన్వర్ శివార్లలో మా పక్కింటి పెద్దాయన నలభై ఏళ్ళుగా ఎల్క్ వేటకు వెళుతున్నాడు. ఆయన స్కోపు మీద గీతలు పడి, నలుపు రంగు లేచిపోయి, పెంకు ఊడిన పాత గిన్నెలా ఉంటుంది. 6 రెట్లు, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. రహస్యం ఏమిటని అడిగాను. 'మరలు' అన్నాడు. రింగుల మరలను మణికట్టు నొప్పి పుట్టేదాకా బిగించకూడదట. 15 నుంచి 18 ఇంచ్-పౌన్ల బిగింపు దగ్గర ఆగమని చెప్పే చిన్న పనిముట్టు ఉంది, దానితో బిగించాలట. స్కోపు పాడైందని ఏడ్చేవాళ్ళలో చాలామందికి నిజానికి వదులైంది రింగు మర ఒక్కటేనట. ఆడలేక మద్దెల ఓడన్నవాడి సామెత ఆయనకు తెలియదు గానీ భావం తెలుసు. ముందు అద్దాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం ఎంతో తెలుస్తుందనీ చెప్పాడు. 42ని 6తో భాగిస్తే 7 మిల్లీమీటర్లు. పొద్దు గూకే వేళ పడుచువాడి కనుపాప తెరుచుకునేది సుమారు అంతే. నలభై దాటినవాడికి అంత కూడా తెరుచుకోదు. అందుచేత బకెట్టంత అద్దం పెట్టుకున్నా పైన మిగిలిన వెలుగు బుగ్గ మీద పడుతుంది. మిత్రుడికి చెబితే, ఆ పెద్దాయన పాతకాలం మనిషి అన్నాడు.

పాతకాలం మాట వచ్చింది కాబట్టి: ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముప్పైకి పైగా పులులను కొట్టాడనీ, తీస్‌మార్‌ఖాన్ అన్న మాట ఆయన వల్లే నిలిచిందనీ హైదరాబాదులో చెప్పుకుంటారు. ఆయన ఏనుగెక్కి వేటకు వెళ్ళేవాడు. బరువు ఏనుగు మోసేది. మా మిత్రుడి అవస్థ మహబూబ్ అలీ ఖాన్‌కు అర్థమయ్యేది కాదు.

వేట రోజున నేను కూడా వెళ్ళాను, లైసెన్సు లేకుండా, పులిహోర డబ్బాతో. చట్టం చెప్పినట్టు నడుము పైన 500 చదరపు అంగుళాల నారింజ రంగు వేసుకుని ఇద్దరం దేవుడి రథాల్లా నడిచాం. మిత్రుడి సంచిలో అరకిలో ఆవకాయ సీసా ఉంది. అది రెండు స్కోపుల తేడా కన్నా ఎక్కువ. పట్టికలో దానికీ గడి లేదు. మూడో గంటలో రాళ్ళ వాలులో జారాడు. మనిషి బాగానే ఉన్నాడు. స్కోపు బండకు కొట్టుకుంది. దెబ్బ తగిలితే ఒక గుండు కాల్చి గురి సరిచూసుకోమని పక్కింటి పెద్దాయన ముందే చెప్పాడని అన్నాను. జీవితకాలపు హామీ ఉందని మిత్రుడు గుర్తుచేశాడు.

మధ్యాహ్నం చిక్కటి ఫర్ చెట్ల మధ్య అరవై గజాల దూరంలో ఎల్క్ నిలబడింది. కొమ్ములు కొమ్మల్లో కలిసిపోయాయి. మిత్రుడు తుపాకి ఎత్తాడు. స్కోపు పది రెట్ల మీద ఉంది. పొద్దున ఎదుటి కొండ మీద రాళ్ళు చూడటానికి తిప్పి మరిచాడు. ద్రోణుడు అడిగినప్పుడు అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించింది. మా మిత్రుడికి కనిపించింది గోధుమరంగు వెంట్రుకలు. కుడికి తిప్పితే వెంట్రుకలు, ఎడమకు తిప్పితే వెంట్రుకలు. ముందో వెనకో తెలియనిదాన్ని కాల్చను అని దించేశాడు. శబ్దం విని బాణం వేసిన దశరథుడికి లేని వివేకం అది. మెచ్చుకున్నాను. ఎల్క్ కూడా కాసేపు ఆగి, తల తిప్పి, తీరిగ్గా వెళ్ళిపోయింది.

వచ్చే అక్టోబరుకు 1 నుంచి 6 రెట్ల స్కోపు చూస్తున్నాడు. అది పాతదానికన్నా 5 ఔన్సులు ఎక్కువట. ఆ 5 ఔన్సులు ఎక్కడ తీసేయాలా అని మళ్ళీ తూకం తెచ్చి ముందు పెట్టుకున్నాడు. నీళ్ళ సీసా మూత కోశాడు. పళ్ళు తోముకునే బ్రష్షుకు సగం పిడి నరికాడు. ఆవకాయ సీసా జోలికి మాత్రం వెళ్ళనని ముందే చెప్పాడు.