కాల్వర్ట్‌ల కథ సగమే చెబుతున్నాం

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో మన తెలుగువాళ్ల సభ ఏది జరిగినా, ఎవరో ఒకరు మైకు అందుకుని ‘మత స్వేచ్ఛ కోసం పుట్టిన రాష్ట్రం మనది’ అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అది సగం నిజం. ఇవాళ లాన్‌హమ్ శివవిష్ణు ఆలయానికి మనం నిశ్చింతగా వెళ్లి వస్తున్నామంటే దాని వెనక ఎవరెవరి కష్టం ఉందో, ఆ మిగతా సగం తెలిస్తేనే మన పిల్లలకు అర్థమవుతుంది.

అసలు ఈ నేల కాల్వర్ట్ అనే ఒక కుటుంబానికి ఇంగ్లండ్ రాజు రాసిచ్చిన ఆస్తి. జార్జ్ కాల్వర్ట్ యార్క్‌షైర్ మనిషి. కొలువులో ఒక్కో మెట్టూ ఎక్కి 1619లో ఇంగ్లండ్ రాజుకు మంత్రి అయ్యాడు. ఇంగ్లండ్‌లో అధికార మతం ప్రొటెస్టెంట్ అయినా, 1625లో తాను క్యాథలిక్‌నని బయటపెట్టి పదవి వదిలేశాడు. అయినా రాజుకు ఆయన మీద అభిమానం పోలేదు. అదే ఏడు ఐర్లండ్‌లో బ్యారన్ బాల్టిమోర్ బిరుదు ఇచ్చాడు.  మొదట న్యూఫౌండ్‌లాండ్‌లో వలస పెట్టి, అక్కడి చలికి తట్టుకోలేక వర్జీనియా వెళ్లాడు. రాజే చర్చికి అధిపతి అని ప్రమాణం చేయనన్నందుకు అక్కడ ఉండనివ్వలేదు. మతం కారణంగా ‘నీకిక్కడ చోటు లేదు’ అనిపించుకోవడం ఏమిటో అనుభవించిన మనిషే ఆయన. అది ఒప్పుకోవాలి.

1632 ఏప్రిల్‌లో ఆయన పోయాడు. జూన్‌లో మేరీల్యాండ్ పట్టా పెద్దకొడుకు సెసిల్ పేరున వచ్చింది. శిస్తు ఏమిటంటే, ఏటా ఈస్టర్ వారంలో విండ్సర్ కోటకు రెండు బాణాలు, బంగారం, వెండి దొరికితే అందులో ఐదో వంతు. పిస్కాటవే అనే ఆదివాసీ ప్రజలు తరతరాలుగా బతుకుతున్న నేల అది. వాళ్లను అడిగినవాళ్లు లేరు. వాళ్ల వారసులను రాష్ట్రం అధికారికంగా గుర్తించింది 2012లో!

సెసిల్ జన్మలో ఇక్కడ అడుగుపెట్టలేదు. తమ్ముడు లియొనార్డ్‌ను గవర్నర్‌గా పంపాడు. ఆర్క్, డవ్ అనే రెండు ఓడలు 1634 మార్చిలో వచ్చాయి. బయలుదేరేముందే సెసిల్ గట్టిగా చెప్పి పంపాడు: క్యాథలిక్కులు ప్రార్థనలు వీలైనంత గుట్టుగా చేసుకోవాలి, ప్రొటెస్టెంట్లతో మతం గురించి వాదనలు పెట్టుకోకూడదు. వలస నిలవాలంటే రెండు వర్గాలూ కలిసి బతకాలని ఆయనకు తెలుసు. భూమి అమ్ముడుపోవాలి, పొగాకు పండాలి.

ఇక అందరూ గొప్పగా చెప్పుకునే 1649 చట్టం. క్రీస్తును నమ్మే ఎవరినీ మతం పేరుతో వేధించకూడదని అందులో ఉంది. ఆ కాలానికి అది నిజంగా పెద్ద అడుగే. ‘ప్యూరిటన్’ (ప్రొటెస్టెంట్లలో ఒక వర్గం), ‘జెస్యూట్’ (క్యాథలిక్ గురువుల్లో ఒక సంఘం), ‘విగ్రహారాధకుడు’ అని ఎవరినైనా తిడితే పది షిల్లింగుల జరిమానా. అందులో సగం తిట్లు తిన్నవాడికి, సగం బ్యారన్ సెసిల్‌కు. కట్టలేనివాడికి కొరడా దెబ్బలు, జైలు, నలుగురిలో క్షమాపణ. కానీ అదే చట్టం ఇంకో మాటా చెప్పింది: క్రీస్తు దేవుడి కుమారుడు కాదన్నా, త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) కాదన్నా మరణశిక్ష, ఆస్తి మొత్తం బ్యారన్‌కు జప్తు. 1658లో జేకబ్ లంబ్రోజో అనే యూదు వైద్యుడి మీద దైవదూషణ కేసు పడింది. ఇంగ్లండ్‌లో ఏలిక మారిన సందర్భంగా ఇచ్చిన క్షమాభిక్ష వల్ల బయటపడ్డాడు గానీ, లేకపోతే ఏమయ్యేదో! ఆ చట్టం కింద మనలాంటివాళ్ల గతి ఏమిటో వేరే చెప్పాలా?

కాల్వర్ట్‌ల ఏలుబడిలోనే 1664లో నల్లజాతివారిని జీవితాంతం బానిసలుగా ఉంచే చట్టం వచ్చింది. అంతకు ఇరవై రెండేళ్ల ముందు, ఆర్క్ ఓడలో నౌకరుగా వచ్చిన మథాయస్ డి సౌసా అనే ఆఫ్రికా సంతతి మనిషి ఇక్కడి శాసనసభలో కూర్చున్నాడు. దీన్ని మన పిల్లలకు చెప్పకుండా మత సహనం గురించి మాత్రమే చెబితే ఎలా?

పైగా ఆ సహనమైనా నిలిచిందా? 1689లో ప్రొటెస్టెంట్లు తిరగబడ్డారు, కుటుంబం చేతిలోంచి పాలన పోయింది. వలస తొలి రాజధాని సెయింట్ మేరీస్ సిటీలో జెస్యూట్‌లు ఇటుకలతో కట్టిన చాపెల్‌కు (చిన్న చర్చికి) 1704లో గవర్నర్ తాళం వేయించాడు. ఏ క్యాథలిక్కుల కోసం వలస పెట్టారో వాళ్లే ఇళ్లలో తలుపులు వేసుకుని ప్రార్థన చేసుకునే స్థితికి వచ్చారు. 1715లో పాలన మళ్లీ కాల్వర్ట్‌లకు దక్కింది, అదీ ఆ కుటుంబం ఇంగ్లండ్ అధికార చర్చి అయిన ఆంగ్లికన్ మతంలోకి మారాకే. 1718లో క్యాథలిక్కులకు ఓటు పోయింది. దొరగారి దయ మీద నిలిచిన స్వేచ్ఛ దొరగారు మారగానే పోయింది.

మనం దండం పెట్టాల్సినవాళ్లు వేరే ఉన్నారు. థామస్ కెనెడీ స్కాట్లండ్ నుంచి వచ్చిన క్రైస్తవుడు, వాషింగ్టన్ కౌంటీ నుంచి శాసనసభకు ఎన్నికైనవాడు. ఒక్క యూదుడితోనూ తనకు పరిచయం లేదని సభలోనే చెప్పాడు. అయినా యూదులకు ప్రభుత్వ పదవులు చేపట్టే హక్కు కావాలని 1818 నుంచి కొట్లాడాడు. ఆ పట్టుదలకు 1823లో సీటు పోగొట్టుకున్నాడు. మళ్లీ గెలిచి వచ్చాడు. 1826లో బిల్లు నెగ్గింది. అయినా అది యూదుల వరకే. దేవుణ్ణి నమ్ముతున్నానని చెప్పనిదే పదవి లేదన్న షరతు రాష్ట్ర రాజ్యాంగంలో మిగిలే ఉంది. రాయ్ టొర్కాసో అనే నాస్తికుడు నోటరీ పదవి కోసం ఆ మాట చెప్పనని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1961లో కోర్టు ఆ షరతును ఏకగ్రీవంగా కొట్టేసింది. హైదరాబాద్‌లో పుట్టిన మన అరుణా మిల్లర్ 2023 జనవరిలో రాష్ట్ర రాజధాని అన్నపోలిస్‌లో భగవద్గీత మీద చెయ్యి ఉంచి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసినప్పుడు మనందరి కళ్లూ చెమర్చాయి. ఆ రోజుకు దారి వేసింది లార్డ్ బాల్టిమోర్ అనే బిరుదున్న కాల్వర్ట్ కాదు, కెనెడీ, టొర్కాసో లాంటివాళ్లు.

మన సంఘానికి నాదొక విన్నపం. వచ్చే మార్చి 25న, మేరీల్యాండ్ డే నాడు, తెలుగు బడి పిల్లలను సెయింట్ మేరీస్ సిటీకి తీసుకెళదాం. పాత పునాదుల మీదే మళ్లీ కట్టిన ఆ ఇటుక చాపెల్ ముందు నిలబెట్టి 1649, 1664, 1704 మూడూ చెబుదాం. పిస్కాటవే పెద్దలెవరినైనా పిలిచి వాళ్ల మాట విందాం. ఇంకోటి: రేపు మన పేటలో మసీదుకో గురుద్వారాకో పర్మిషన్ ఇవ్వొద్దని ఇరుగుపొరుగు అభ్యంతరం చెబితే, కౌంటీ హియరింగ్‌కు మన సంఘం తరఫున కనీసం ఇద్దరు వెళ్లి వాళ్ల పక్షాన మాట్లాడాలి. కార్యవర్గం వచ్చే సమావేశంలోనే దీని మీద తీర్మానం చేయాలని కోరుతున్నాను.