బ్రూవరీ బీరు తాగితే ఊదినా దొరకరట!

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు ఆరోసారి వచ్చింది. ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు పంపారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు, పాత ఆఫీసు గ్రూపులో ఇంకొకరు. మా పెద్దబావగారైతే రెండుసార్లు. పైన ‘మైక్రోబ్రూవరీ బీరు గురించి ఎవరూ చెప్పని 7 నిజాలు’ అని శీర్షిక, పక్కన మూడు మంటల బొమ్మలు. (మైక్రోబ్రూవరీ అంటే బీరును అక్కడికక్కడే తయారుచేసి పోసే చోటు.) చివర ‘పది మందికి పంపండి, ఒక ప్రాణం కాపాడండి’ అని ఉంది. ఎవరి ప్రాణమో రాయలేదు.

చదవని అదృష్టవంతుల కోసం ఆ ఏడూ ఇవి: సీసా బీరులో గ్లిజరిన్ ఉంటుంది, బ్రూవరీ బీరులో ఉండదు. సీసా బీరులో బియ్యం కలుపుతారు, అది కల్తీ. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వు) అంటే గంజాయే. నల్ల బీరు స్ట్రాంగ్, అది మగాళ్లది, ఆడవాళ్లకు పండ్ల వాసన వచ్చేవి. బ్రూవరీ బీరు తాగితే తెల్లారి తల పట్టదు. కిడ్నీలో రాళ్లు కరుగుతాయి. ఇక ఏడోది: అది ఫ్రెష్‌గా, న్యాచురల్‌గా, మన కల్లులాగా తయారయ్యేది కాబట్టి రెండు మగ్గులు తాగి బండి నడిపినా బ్రీత్ ఎనలైజర్‌లో దొరకరు.

నాకు బీరంటే ఇష్టం, ముందే చెప్పేస్తున్నాను. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు రూల్స్ తెచ్చేదాకా, బెంగళూరు వెళ్లొచ్చినవాళ్లు అక్కడి ఇందిరానగర్ బ్రూవరీల కథలు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్లం. ఇప్పుడు జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా ఎక్కడ కూర్చున్నా అద్దం వెనక ట్యాంకులు మెరుస్తూ కనిపిస్తాయి. అవి నాకూ ముచ్చటే. అందుకే వాటి పేరు చెప్పి చెత్త రాస్తే ఒళ్లు మండుతుంది.

గ్లిజరిన్ సంగతి చూద్దాం. నీళ్ల గ్లాసులో బీరు సీసా బోర్లిస్తే అడుగు నుంచి చిక్కగా ఏదో కిందికి జారుతుంది, అదే గ్లిజరిన్ అని పెళ్లిళ్లలో డాబా మీద ఒక పెద్దమనిషి చేసి చూపిస్తుంటాడు. జారేది బీరే. నీళ్ల కన్నా అది కాస్త బరువు, అందుకని దిగుతుంది. చెరకురసం సీసా బోర్లించి చూడండి, ఇంకా బాగా జారుతుంది. నిజానికి బీరు పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే కొద్దిగా గ్లిజరిన్ తయారుచేస్తుంది, సీసా బీరులోనైనా బ్రూవరీ ట్యాంకులోనైనా. ఒప్పుకోవాల్సింది ఒకటుంది. కాలేజీ అయిపోయిన కొత్తలో ఏడాది పాటు నేనూ శ్రద్ధగా సీసాలు బోర్లించాను. సగం బీరు నీళ్లలో పోసుకుని ఆరోగ్యం కాపాడుకున్నాననుకున్నాను.

బియ్యం కల్తీ అట. బెంగళూరులో టోయిట్ అనే బ్రూవరీ వాళ్ల మెనూలో ‘బాస్మతి బ్లాండ్’ అని ఒక బీరుంది. పేరులోనే బియ్యం పెట్టుకుని అమ్ముతున్నారు, జనం అడిగి మరీ తాగుతున్నారు. బియ్యం వేస్తే బీరు తేలికగా వస్తుంది. అది రుచి గొడవ, కల్తీ గొడవ కాదు.

హాప్స్, గంజాయి ఒకే కుటుంబం మొక్కలు. నిజమే. వంకాయ, పొగాకు కూడా ఒకే కుటుంబం. గుత్తివంకాయ తిని ఎవరికైనా సిగరెట్టు తాగినట్టు అనిపిస్తే చెప్పండి, మాట్లాడుకుందాం.

నల్ల బీరు దగ్గరికొద్దాం. ఆ రంగు బార్లీని మాడేదాకా వేయించడం వల్ల వచ్చింది, ఆల్కహాల్ వల్ల కాదు. కాఫీ గింజల సంగతి మనకు తెలియనిదా? నల్లగా నిగనిగలాడే గిన్నిస్ డ్రాట్ అనే ఐర్లండ్ బీరులో ఆల్కహాల్ 4.2 శాతం. మన వైన్ షాపుల్లో దొరికే పసుపుపచ్చ స్ట్రాంగ్ బీరులో 8 శాతం దాకా ఉంటుంది. ఇక మగాళ్లది, ఆడవాళ్లది అన్న ముక్కకు నా జవాబు: నేను ఎక్కువగా తాగేది స్టౌటే, అంటే ఆ నల్ల బీరే, ఎదురుగా కూర్చునే మా ఆయన గోధుమ బీరు తాగుతాడు. వెయిటర్ ప్రతిసారీ గ్లాసులు తారుమారు చేసి పెడతాడు. మేం మార్చుకుంటాం, అంతే. హాప్స్ చేదు వల్ల పానీయం పాడవకుండా నిలుస్తుందని 12వ శతాబ్దంలోనే రాసిపెట్టింది హిల్డెగార్డ్ అనే జర్మన్ సన్యాసిని. ఆమెను పండ్ల బీరు తాగమని ఎవరూ పంపేసినట్టు లేదు.

పండ్ల వాసన అన్నారు కాబట్టి ఒక మాట. గోధుమ బీరు హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసనలు రెండూ వస్తాయి. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. ఆ రెండూ ఈస్ట్ చేసే పని. బెల్జియం వాళ్ల గోధుమ బీరు విట్‌బియర్‌లో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మొదటిసారి తాగినప్పుడు మా అమ్మ చారుపొడి డబ్బా మూత తీసినట్టయింది నాకు. ఈ తేడాలు తెలియాలంటే చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు తెప్పించుకుని, గడ్డకట్టిన మగ్గు వద్దని చెప్పి, కాస్త చల్లదనం తగ్గాక తాగాలి. మరీ చల్లగా ఉంటే ముక్కుకు ఏ వాసనా అందదు. అయినా మన దగ్గర మంచు పట్టిన మగ్గులో తేవడమే మర్యాద అనుకుంటారు.

తల పట్టదన్నది ఒక్క వాక్యంలో అయిపోతుంది: తల పట్టేది ప్రధానంగా ఆల్కహాల్ వల్ల, అది రెండింట్లోనూ ఉంది.

ఇక ఏడోది. ఈ ఒక్కటీ లేకపోతే నేనింత రాసేదాన్ని కాదు, నవ్వి ఊరుకునేదాన్ని.

లెక్క చూడండి. అర లీటరు మగ్గు, 5 శాతం బీరు. అంటే 25 మిల్లీలీటర్ల ఆల్కహాల్. మన విస్కీల్లో ఉండేది 42.8 శాతం. 60 ఎం.ఎల్. పెగ్గులో దాదాపు 26 మిల్లీలీటర్లు. అంటే ఆ ‘ఫ్రెష్, న్యాచురల్’ మగ్గు ఒకటి, లార్జ్ పెగ్గు ఒకటి, రెండూ ఒకటే. రెండు మగ్గులు తాగితే రెండు లార్జులు వేసినట్టు. రెండు లార్జులు వేసి బండి తీస్తానంటే ఇదే మెసేజ్ పంపినవాళ్లు తాళాలు లాక్కుంటారు. మగ్గులో పోస్తే మాత్రం ‘బీరే కదా’ అంటారు.

మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 185. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 70 కిలోల మగమనిషి ఒక్క మగ్గు గబగబా తాగితేనే సుమారు 40 దగ్గరికి పోతుంది. నా బరువుకైతే 60 దాటుతుంది. తిండి, టైము, ఒంటితత్వం బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ రెండు మగ్గులు గబగబా తాగి బండి ఎక్కితే 30 లోపు ఉండటం అనేది మొక్కుకున్నా జరగదు. లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్ మాత్రమే కరిగిస్తుంది. ఒక మగ్గులోని ఆ 25 మిల్లీలీటర్లు తూకానికి 20 గ్రాములు. పోలీసు చేతిలోని మిషన్‌కు ఆ ఆల్కహాల్ ట్యాంకులోంచి వచ్చిందా, సీసాలోంచి వచ్చిందా, తాటిచెట్టు మీంచి దిగిందా అన్నది అనవసరం. రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి, అక్కడినుంచి ఊపిరిలోకి వచ్చేది దానికి కావాలి. పుదీనా, ఏలకులు, మీఠా పాన్ నోటి వాసన మీద పనిచేస్తాయేమో కానీ ఊపిరితిత్తుల దాకా వెళ్లవు.

‘మన కల్లులాగా’ అట! కల్లులో ఉండేది మాత్రం ఏమిటి, గంగాజలమా? చెట్టు మీంచి దింపిన నీరా పులిస్తేనే కల్లు. పులవడమంటే చక్కెర ఆల్కహాల్ అవడమే. తాతలు తాగలేదా అంటారు. తాగారు, తాగి నడిచి ఇంటికి వెళ్లారు. మహా అయితే ఎడ్లబండి ఎక్కారు, ఎద్దులకు దారి తెలుసు. మీ ఎస్‌యూవీకి తెలుసా?

మా ఇంటర్ బ్యాచ్‌లోనే ఒకడు ఇది నమ్మాడు. రెండు మగ్గుల గోధుమ బీరు, పైన గుప్పెడు సోంపు. మిషన్‌లో 78 వచ్చింది. కారు అక్కడే వదిలేసి, తర్వాత బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో భార్యను పక్కన కూర్చోబెట్టుకుని కౌన్సెలింగ్ విన్నాడు, ఆ తర్వాత కోర్టు. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారైతే 15,000, రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. వాడికి ఇది చవగ్గా పోయినట్టే. గచ్చిబౌలి ఫ్లైఓవర్ దిగేచోట అడ్డంగా ఎవడో స్విగ్గీ కుర్రాడు వచ్చుంటే జరిమానాతో పోయేది కాదు. ‘ఒక ప్రాణం కాపాడండి’ అన్నారే, ఆ ప్రాణం ఆ కుర్రాడిది. విడ్డూరం ఏమిటంటే, ఈసారి ఆ మెసేజ్ మా బ్యాచ్ గ్రూపులోకి పంపిన ఇద్దరిలో ఒకడు వీడే. అడిగితే, ‘ఆ రోజు నేను తాగింది ఫ్రెష్‌ది కాదేమో’ అన్నాడు.

మిగిలింది కిడ్నీ రాళ్లు. దీన్ని చీల్చి చెండాడదామని కూర్చున్నాను. బీరు తాగితే మూత్రం ఎక్కువ వచ్చేది నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను ఆల్కహాల్ అణచడం వల్ల, దాంతో ఒంట్లో నీరు తగ్గుతుంది, పైగా బీరులో ఉండే ప్యూరీన్లు అనే పదార్థాల వల్ల యూరిక్ యాసిడ్ పెరుగుతుంది అని రాసుకున్నాను. అవన్నీ నిజాలే. కానీ వెతుకుతుంటే ఇంకొకటి దొరికింది. అమెరికాలో వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశీలనల్లో, బీరు తాగేవాళ్లలో కొత్తగా రాళ్లు పడటం కాస్త తక్కువగానే కనిపించింది. చదివి నా మొహం మాడిపోయింది. సరే, ఒప్పుకుంటున్నాను, ఆ మెసేజ్ రాసినవాడి చీకటి బాణం ఒకటి ఎక్కడో గోడకైనా తగిలింది. అయితే రాయి పడే అవకాశం తగ్గడం వేరు, పడిన రాయి కరగడం వేరు. నాకు తెలిసిన ఏ యూరాలజిస్టూ చీటీ మీద బీరు రాయలేదు.

ఇదంతా మా పెద్దబావగారికి విడిగా రాసి పంపాను. ఆయన దాన్ని రెండుసార్లు ఎందుకు పంపారో అప్పుడు తెలిసింది. ఎడమ కిడ్నీలో 8 మిల్లీమీటర్ల రాయి ఉందట, అక్కకు కూడా చెప్పలేదట. వెంటనే ఫోన్ చేశారు. ‘అంతా చదివానమ్మా, నువ్వు చెప్పింది సబబే. అయితే ఆ ధనియాలు వేస్తారన్నావు చూడు, ధనియాల నీళ్లు రాళ్లకు మంచివే కదా, అదొక్కటీ తాగొచ్చా?’

గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఆయన్నే అడగమన్నాను. వెళ్లేముందు అక్కకు చెప్పమని కూడా అన్నాను, దానికి మాత్రం ఊఁ అనలేదు.